కాలనీ సంక్షేమ సంఘం: వార్షిక నివేదిక 2024-25

సభ్యులందరికీ నమస్కారం. మంచినీళ్లు, చెత్తబండి, సీసీ కెమెరాల పనులు ఈ ఏడాదీ ఆగకుండా నడిచాయి, అవి మీరు చూస్తున్నవే. ఈసారి ఎక్కువగా చెప్పాల్సింది మన టెన్త్, ఇంటర్ పిల్లల ఆటల గురించి.

పిల్లలు ఫోన్ వదలరని ప్రతి మీటింగులోనూ అంటున్నాం. వదిలి ఎక్కడికి వెళ్తారు? హైదరాబాద్‌లో చాలా కాలనీల్లాగే మన దగ్గరా ఖాళీ ప్లాట్లన్నీ అపార్ట్‌మెంట్లయ్యాయి, వీధికి రెండు పక్కలా కార్లే. ఉన్న ఒక్క పార్కులో ట్రాక్ పెద్దవాళ్లది, ఊయలలు చిన్నపిల్లలవి, పద్నాలుగేళ్ల కుర్రాడు బంతి పట్టుకొస్తే గేటు దగ్గరే "బంతి ఆటలు నిషేధం" అని బోర్డు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలే ఆట ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 2019లో ఆ సంస్థ నిపుణులు బయటపెట్టిన లెక్క ప్రకారం ప్రపంచం మొత్తమ్మీద 11-17 ఏళ్లవాళ్లలో 81 శాతం మందికి అది అందడం లేదు, ఆడపిల్లల్లో 85 శాతం.

అందుకే డిసెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున పార్కు పక్క వీధిలో బండ్లు ఆపేశాం. 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపితే జనం ఎలా కదిలి వచ్చారో చూశాం కదా, ఆ ధైర్యమే. ముందురోజు రాత్రే కార్లు తీయించి ముగ్గుపిండితో గీతలు వేశాం, క్రికెట్ వీధంతా మింగేయకుండా సగం ఆడపిల్లలకే ఉంచాం. కాసేపు గుంపుగా నిలబడి చూసిన ఇంటర్ అమ్మాయిలు, చున్నీలు నడుముకి బిగించి ఖోఖోలోకి దిగాక, టైమ్ అయిపోయిందన్నా కదల్లేదు. ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో నాకు గర్వంగా అనిపించింది ఇదే.

కార్లు తీసిన ఇళ్లవాళ్లకి, ఖోఖో నేర్పిన రిటైర్డ్ పీఈటీ మాస్టారికి, మజ్జిగ పంపిన మహిళా సభ్యులకి, వీధికి రెండు చివర్లా తాడు పట్టుకు నిలబడ్డ వాచ్‌మెన్లకి పేరుపేరునా ధన్యవాదాలు. వాట్సాప్ గ్రూపులో "మేం వస్తాం" అన్న సభ్యుల్లో సగంమంది కూడా రాలేదు, ఇది చెప్పక తప్పదు.

పార్కు గేటు ఎదుట వీధిదీపం ఏడాదిగా వెలగడం లేదు. ఎన్ని అర్జీలిచ్చినా సంబంధిత అధికారులు "చూస్తాం" అనడమే. ట్యూషన్ అయ్యేసరికి చీకటి పడుతుంది, ఆ చీకట్లోకి ఆడపిల్లల్ని ఏ తల్లి పంపుతుంది?

జమాఖర్చులకి ఆడిటర్ సంతకం అయింది, కాపీలు పంచాం. నెలకో ఆదివారం వీధి మూయాలని, పార్కులో సాయంత్రం 5 నుంచి 7 వరకు బంతి ఆటలు ఆడనివ్వాలని తీర్మానం పెడుతున్నాం. చేతులెత్తేవాళ్లు తాడు పట్టుకునే వంతుకి కూడా ఇక్కడే పేరు రాయించండి.

కార్యదర్శి