ఎవరు వెళ్ళాలో మార్కులే చెప్తాయి

సియోల్,
జూలై 2025

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. వానలు వదలడం లేదు, ఉక్కపోత మాత్రం మన గుంటూరుకి ఏమాత్రం తీసిపోదు. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందని విని మనసు కుదుటపడింది.

అన్నయ్య కూతురి పేరు ఆటల సెలక్షన్ లిస్టులో లేదని, ఎందుకు లేదని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదని రాశారు. చదివినప్పటి నుంచీ అదే ఆలోచన. ఇన్నేళ్ళు పీఈటీగా పిల్లల్ని ఆడించినవాళ్ళు మీరు. అందుకే ఇక్కడ ఫిగర్ స్కేటింగ్ ఆడపిల్లల్ని విదేశీ పోటీలకు ఎలా ఎంపిక చేస్తారో మీకు చెప్పాలనిపించింది.

మా ఇంటికి దగ్గర్లోనే మోక్‌డాంగ్ ఐస్ రింకు. అక్కడ ప్రాక్టీసు చూస్తే మీరు కదలరు. కోచ్ చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర తాడు, ఆ తాడు పిల్ల నడుముకున్న బెల్టుకి కట్టి ఉంటుంది. పిల్ల ఎగిరి గాల్లో గిర్రున తిరిగేటప్పుడు కోచ్ కర్ర పైకెత్తి పడకుండా ఆపుతాడు. తాడు విప్పాక అదే జంప్‌కి దబ్బున పడుతుంది. లేచి, మంచు దులుపుకుని, మళ్ళీ అదే జంప్. ఏడవదు కూడా.

వచ్చే నెలలో జూనియర్ గ్రాండ్ ప్రి అనే అంతర్జాతీయ జూనియర్ పోటీలు లాట్వియాలోని రీగాలో మొదలై అబుదాబి దాకా సాగుతాయి. మొత్తం ఏడు. ఏ దేశం ఎంతమందిని పంపొచ్చన్నది అంతకుముందు జూనియర్ ప్రపంచ పోటీల్లో ఆ దేశం పిల్లలు తెచ్చిన స్థానాలను బట్టి ఉంటుంది. కొరియా ఆడపిల్లలు ముందు వరసలో ఉన్నారు కాబట్టి ఒక్కో పోటీకి ఇద్దరి దాకా వెళ్ళొచ్చు, ఒక్కొక్కరికి రెండు పోటీలకు మించి ఉండవు. వెళ్ళగల సత్తా ఉన్న పిల్లలు అంతకంటే చాలామందే ఉన్నారు. అందుకని వేసవిలో స్కేటింగ్ సంఘం వాళ్ళు సెలక్షన్ పోటీ పెడతారు. వరస ప్రకారం పైనున్న వాళ్ళకి రెండేసి, తర్వాతి వాళ్ళకి ఒక్కోటి.

నాకు బాగా నచ్చింది ఏమిటంటే, పోటీకి వెళ్ళే సీటు దేశానిది. పోయిన సీజన్ జూనియర్ ప్రపంచ పోటీల్లో ఆ సీటు తెచ్చిన పిల్ల కూడా ఈసారి మళ్ళీ అందరితోపాటు పోటీపడాల్సిందే. కిమ్ యుజే, కిమ్ యుసంగ్ అని కవల అక్కచెల్లెళ్ళున్నారు, ఇద్దరూ ట్రిపుల్ యాక్సెల్, అంటే గాల్లో మూడున్నర చుట్లు తిరిగే జంప్, వేసేవాళ్ళే. ఒకే ఇంటి పిల్లలు ఒకే సీట్ల కోసం పోటీపడతారు.

ఇక మార్కులు. ఏ జంప్‌కి ఏ జడ్జి ఎంత వేశాడో మొత్తం కాగితం మీద ఉంటుంది. గాల్లో పావు చుట్టు తక్కువ తిరిగితే ఆ జంప్ పక్కన చిన్న గుర్తు పెడతారు. ఓడిన పిల్ల ఆ కాగితం చూసుకుని తను ఎక్కడ పోగొట్టుకుందో తెలుసుకుంటుంది. ఒక్క పోటీ మీదే అంతా ఆధారపడడం మాత్రం నాకు బాధగానే ఉంటుంది. ఆ రోజు జ్వరం వచ్చినా, మడమ బెణికినా, ఏడాది కష్టం పోయినట్టే.

షిన్ జీఆ అనే కొరియా స్కేటర్ గురించి చెప్పకుండా ఉండలేను. 2022లో ఎస్టోనియాలోని తల్లిన్‌లో జూనియర్ ప్రపంచ స్వర్ణం 0.54 పాయింట్ల తేడాతో అమెరికా అమ్మాయికి పోయింది. తర్వాత 2023, 2024, 2025 మూడేళ్ళూ జపాన్ అమ్మాయి మావో షిమాదా వెనక రెండో స్థానం. వరసగా నాలుగు రజతాలు! ఈలోగా సొంత దేశంలో సీనియర్లను కూడా ఓడించి జాతీయ చాంపియన్ అయింది. అయినా సీనియర్ ప్రపంచ పోటీలకు వెళ్ళే వీల్లేకపోయింది, వయసు చాలలేదు. కనీస వయసును 15 నుంచి 17కి పెంచాలని 2022లోనే తీర్మానించారు మరి. 2006లో కిమ్ యూనా తెచ్చిన జూనియర్ స్వర్ణం తర్వాత కొరియా ఆడపిల్లలకు మళ్ళీ అది దక్కనే లేదు. కానీ ఆ నాలుగు రజతాలు తర్వాతి పిల్లలకు ఎన్ని దారులు తెరిచాయో! ఈ సీజన్ నుంచి జీఆ సీనియర్స్‌లో ఆడుతుంది.

నాన్నగారూ, ఆ సెలక్షన్ కమిటీకి మీరే ఒక ఉత్తరం రాయండి. మన పిల్లని తీసుకోమని కాదు. ట్రయల్స్‌కి వచ్చిన పిల్లలందరి మార్కులూ నోటీసు బోర్డు మీద పెట్టమని అడగండి. మీరు అడిగితే కాదనడం వాళ్ళకు కష్టం. అన్నయ్య వెంట వెళ్తానంటే తీసుకెళ్ళండి, కోపంగా మాట్లాడొద్దని మాత్రం వాడికి చెప్పండి. ఏమన్నారో నాకు వెంటనే రాయండి.

మీ అమ్మాయి