లోక్‌సభ జవాబుల వార్తల్లో ప్రశ్న నంబరు వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్లో ఉపాధి హామీ కూలి బకాయిల వార్త చదివాను, లోక్‌సభలో కేంద్రమంత్రి లిఖితపూర్వకంగా తెలిపారు అని ఒక అంకె వేశారు, అంతే, ఏ ప్రశ్న, ఏ తేదీ, ఎవరడిగారు అన్నది లేదు. మీరొక్కరే కాదు అన్ని పేపర్లూ ఇలాగే రాస్తున్నాయి. దయచేసి ఇకనుంచి ప్రశ్న నంబరు, తేదీ వేయండి.

లోక్‌సభ నడిచే రోజున 20 స్టార్డ్ ప్రశ్నలు (సభలో మంత్రి నోటితో జవాబు చెప్పేవి), 230 దాకా అన్‌స్టార్డ్ ప్రశ్నలు ఉంటాయి. అన్‌స్టార్డ్ వాటికి సభలో నోటితో జవాబు ఉండదు, కాగితమే, అది పీడీఎఫ్‌గా పార్లమెంట్ సైట్లో పెడతారు. తెరిచి చూస్తే పైన ఏ, బీ, సీ అని ప్రశ్నలు, కింద మంత్రిగారి జవాబు నాలుగు లైన్లు, అసలు సరుకంతా చాలాసార్లు చివర్న అనుబంధంలో ఉంటుంది, రాష్ట్రాలవారీ టేబుల్, ఒక్కోసారి జిల్లాలవారీ కూడా. పేపర్లోకి వచ్చేది మాత్రం ఆ నాలుగు లైన్లే. పైగా నంబర్లు ప్రతి సెషన్‌కీ మళ్లీ ఒకటి నుంచే మొదలవుతాయి కాబట్టి ఉత్త నంబరిస్తే సరిపోదు, తేదీ తప్పనిసరి.

ఆ టేబుల్ దొరికితే ఏం చేసుకోవాలో జనానికి తెలుసు సార్. కూలీలతో పనిచేసేవాళ్లు దాన్ని ప్రింట్ తీసి ఎంపీడీవో ముందు పెట్టి మాట్లాడితే, పేపర్లో వచ్చిందండీ అని అడగడానికీ దానికీ చాలా తేడా ఉంటుంది.

టూల్స్ కూడా ఉన్నాయి, అన్నీ ఫ్రీ, కోడ్ ఓపెన్, అంటే వాటి ప్రోగ్రాం ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. పీడీఎఫ్‌లో టేబుల్‌ని ఎక్సెల్‌లోకి తీయడానికి టబులా ఉంది, అది జర్నలిస్టులే జర్నలిస్టుల కోసం చేసుకున్నది, కేమెలాట్ అయితే మన దేశంలోనే పుట్టింది, స్కాన్ కాగితాల్లోని అక్షరాల్ని చదివి టెక్స్టుగా మార్చడానికి టెసరాక్ట్ ఉంది, దానికి తెలుగూ వచ్చు. బ్రిటన్లో 2004 నుంచి దేవర్క్‌ఫర్‌యూ అని ఒక సైట్ నడుస్తోంది, పార్లమెంట్‌లో ఎవరు మాట్లాడినా ఆ ప్రసంగానికి విడిగా లింకుంటుంది, దాని కోడ్ అందరికీ ఇచ్చారు కాబట్టే ఆస్ట్రేలియా వాళ్లు తీసుకుని 2008లో ఓపెన్ ఆస్ట్రేలియా పెట్టుకోగలిగారు. మన దగ్గర తీర్పులు వెతకడానికి ఇండియన్ కానూన్, ఎంపీల హాజరుకి పీఆర్ఎస్ ఉన్నాయి, వాటిని మీ విలేకర్లు రోజూ వాడుతూనే ఉంటారు.

తెలుగు కాగితాల దగ్గరే అసలు బాధ. పాత ప్రభుత్వ డాక్యుమెంట్లు చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసినవి, తెర మీద చక్కగా తెలుగే కనిపిస్తుంది, కాపీ చేసి పేస్టు చేస్తే ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు పడతాయి, సెర్చ్ చేస్తే ఏదీ దొరకదు. అసెంబ్లీలో మాట్లాడినవి, జీవోలు మొత్తం యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్లోనైనా కాపీ, సెర్చ్ అయ్యే తెలుగులో పెట్టమని ఆంధ్ర, తెలంగాణ రెండు ప్రభుత్వాలనీ మీలాంటి పేపరు అడిగితే వింటారు, మాలాంటోళ్లు అడిగితే ఎవరు వింటారు.

అది ఎప్పుడవుతుందో గానీ నంబరు వేయడం మీ చేతిలో పనే. మీ ఢిల్లీ విలేకరి ఆ జవాబు కాగితం చూసే కదా వార్త రాసేది. వార్త కింద ఒక్క లైను, వెబ్ ఎడిషన్లో అయితే లింకు, ఈ సెషన్ నుంచే మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, వినుకొండ