కొండపల్లి అడవిలో సైకిలుకు చలికాలపు బాట ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మాది విజయవాడ, విద్యాధరపురం. 27 ఏళ్లుగా సైకిళ్లు బాగుచేసుకుని బతుకుతున్నాను. ఒకప్పుడు నా చేతికొచ్చేవన్నీ పాలవాళ్లవి, పేపరు కుర్రాళ్లవి, వెనక పెద్ద క్యారేజీ ఉన్న నల్ల సైకిళ్లు. ఇప్పుడు సగానికి సగం గేరు సైకిళ్లే. కార్తీకం వెళ్లి చలి ముదిరేసరికి వాటిలో కొన్నిటి టైరు గాడుల్లో ఎర్ర గరపమట్టి ఇరుక్కుని వస్తుంది. ఎక్కడికెళ్లొచ్చావురా అని ఆ పిల్లల్ని అడగక్కర్లేదు నాకు. అది కొండపల్లి అడవి మట్టి. ఆరేళ్లుగా చలికాలం ఆదివారాలు నేనూ వాళ్లతో వెళ్తున్నాను. ఆ బాటలకు ఈ ఏడు పట్టిన గతి చూసి ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

గుళ్లో ధనుర్మాసం మైకు మోగే వేళకి బయల్దేరతాం. భవానీపురం, గొల్లపూడి, గుంటుపల్లి దాటాక ఇబ్రహీంపట్నం రింగు దగ్గర టీ. మంచులో థర్మల్ స్టేషన్ చిమ్నీల పై సగం కనబడదు. కృష్ణ మీంచి వచ్చే గాలికి హ్యాండిలు పట్టుకున్న వేళ్లు కొంకర్లు పోతాయి. అక్కణ్ణించి హైదరాబాద్ హైవే మీద ఇంకొంచెం తొక్కితే మూలపాడు. సీతాకోకచిలుకల పార్కు పెట్టింది ఈ అడవి అంచునే. అక్కడ ఆగి టైర్లలో గాలి తగ్గిస్తాం. రోడ్డు కోసం 50 పీఎస్ఐ కొట్టిన గాలిని 30కి దించుతాం. గట్టి టైరు గులకరాళ్ల మీద ఎగిరి పడుతుంది, మెత్తబడ్డది నేలను పట్టుకుంటుంది. మరీ దించితే రాయి తగిలినప్పుడు రిమ్ముకీ టైరుకీ మధ్య ట్యూబు నలిగి రెండు చోట్ల కోసుకుపోతుంది. ఎంత ఉంచాలో ఇప్పుడు ఆ పిల్లలు బొటనవేలితో నొక్కే చెప్పేస్తారు.

జనవరిలో 6:40 అయితే గానీ సూర్యుడు పైకి రాడు. వెలుగొచ్చాకే లోపలికి వెళ్తాం. ఈ అడవిలో చిరుత తిరుగుతోందన్న మాట చుట్టుపక్కల ఊళ్లలో వినబడుతూనే ఉంటుంది. చీకట్లో దాని దారికి అడ్డం పడటం మన పద్ధతి కాదు.

మేం తొక్కేది కొత్తగా నరికిన దారి కాదు. మేకలు, పశువులు తిరిగి తిరిగి పడ్డ బాట. పక్కన రేగి పొదలు, బిల్లుడు చెట్లు, అక్కడక్కడా తెల్లటి మానుతో తెల్లపొణికి. కొండపల్లి బొమ్మ అంతా ఆ కర్రలోంచే పుడుతుంది. చెక్కి, ఎండబెట్టి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ అతికిస్తారు. బొమ్మలు చేసే ఒక పెద్దాయన ఆ కర్ర కోసం ఇప్పుడు ఎంత లోపలికి పోవాల్సొస్తోందో చెబుతుంటే చాలాసేపు విన్నాను. అప్పటినుంచి మా వాళ్లకి ఒకటే చెబుతున్నాను: బాట దిగి ఒక్క చక్రం కూడా పక్కకి పోకూడదు. పక్కన గడ్డిలా కనబడేది రేపటి తెల్లపొణికి మొలక కావచ్చు.

ఇంత చలిలో ఎందుకు, ఎండాకాలం సెలవుల్లో వెళ్లొచ్చుగా అని అడుగుతారు కొందరు. విజయవాడ మే నెల సంగతి తెలిసినవాళ్లు అడగాల్సిన మాట కాదది. పైగా ఫిబ్రవరి దాటితే ఆకంతా రాలి బాట మీద జానెడు మందాన పరుచుకుంటుంది. కింద రాయి ఉందో గుంట ఉందో కనబడదు. ఆ ఎండుటాకుకి ఒక్క బీడీ ముక్క చాలు, కొండ కొండంతా అంటుకోవడానికి. వానాకాలం నేల మెత్తన, అప్పుడు తొక్కితే చక్రం పడ్డ చోటల్లా గాడి పడుతుంది. వానలు వెళ్లి నేల గట్టిపడి, ఆకు ఇంకా చెట్టు మీద ఉండే కాలం ఒక్కటే ఉంది. కార్తీక పౌర్ణమి నుంచి శివరాత్రి దాకా.

ఆ పొద్దున ఎలా ఉంటుందో కళ్లారా చూస్తే తప్ప తెలియదు. వాగు గట్టున ఒక చోట ఎప్పుడూ కాస్త తడి ఉంటుంది. ఎండ పడే వేళకి చిన్న చిన్న సీతాకోకచిలుకలు అక్కడ రెక్కలు బారజాపి నేలకి అతుక్కుని కూర్చుంటాయి. ఒళ్లు వేడెక్కితే గానీ ఎగరలేవు. అక్కడికొచ్చాక అందరం దిగి సైకిళ్లు చేత్తో నడిపించుకుంటూ ఒక పక్కగా దాటతాం. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు. మాతో వచ్చే ఒక డిగ్రీ అమ్మాయి మొదటిసారి వాటిని చూసి చటుక్కున దిగింది, ఆమె వెనక అందరూ దిగారు. అప్పటినుంచి అంతే.

సంక్రాంతికి ముందు ఆదివారం మా గుంపులో ఇంటర్ చదివే కుర్రాడు పడ్డాడు. బాట కొండ నుంచి దిగే మలుపులో, పోయినేడు బారెడు వెడల్పున చదునుగా ఉన్న చోట, ఈసారి నిలువునా ఒక గాడి ఉంది. ముందు చక్రం అందులోకి దిగి అక్కడే నిలిచిపోయింది. కుర్రాడు హ్యాండిలు మీంచి ఎగిరి రాళ్ల మీద పడ్డాడు. హెల్మెట్ రెండుగా చీలింది. తల దక్కింది, కాలర్ బోన్ విరిగింది. తువ్వాలుతో చేతికి జోలె కట్టి, ఇద్దరం చెరో పక్క పట్టుకుని రోడ్డు దాకా నడిపించుకొచ్చాం. నొప్పికి పెదవి కొరుక్కున్నాడు గానీ ఏడవలేదు. "మామా, ఫోర్కు వంగిందా?" అని మాత్రం మూడుసార్లు అడిగాడు.

ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఆ ఫోర్కు వంగింది. దానిదేముంది, మార్చొచ్చు. నా మనసు ఆ గాడి దగ్గరే ఉండిపోయింది. మర్నాడు షాపు మూసి ఒక్కణ్ణే మళ్లీ వెళ్లాను. నా దగ్గర 9 అంగుళాల చేతి పంపు ఉంటుంది. గాడిలో నిలబెడితే పై అంచు కనబడకుండా మునిగింది. అడుగున మట్టి నున్నగా, గట్టిగా లేదు. చక్రం గిర్రున తిరుగుతూ తోడేసిన మట్టి, వెనక్కి చిమ్మినట్టు కుప్పగా ఉంది. పక్కన పొదలో సగం కాలిన థర్మాకోల్ ప్లేట్లు, సీసా పెంకులు. మోటారు సైకిళ్ల మీద వచ్చి, నిటారుగా కొండెక్కించి పందాలు కాసుకునేవాళ్ల పని అది. వాళ్ల ఇంజన్ల మోత మేమూ చాలాసార్లు విన్నాం.

నేను చక్రంతో బతికేవాణ్ణి కనుక ఇది కాస్త విడమరిచి చెప్పాలి. మనిషి తొక్కే సైకిలు చక్రం దొర్లుతుంది. ఇంజన్ చక్రం చోటు దొరక్కపోతే నేలని దున్నుతుంది. వంద కిలోలకి పైగా బరువున్న బండిని యాక్సిలేటర్ తిప్పి ఏటవాలు మీదకి ఎక్కిస్తే వెనక టైరు నిలిచిన చోటే తిరుగుతూ మట్టిని లేపుతుంది. కొండవాలుకి నిలువుగా ఒకసారి గాడి పడిందా, తర్వాత వచ్చిన వాన నీరంతా అందులోంచే పరిగెడుతుంది. వానకో వేలెడు చొప్పున లోతవుతుంది. మేకల బాట అలా నిలువుగా పోదు, వాలుకి అడ్డంగా మెలికలు తిరుగుతూ పోతుంది. నీరు దాని మీద నిలవకుండా కింద పక్కకి జారిపోతుంది. బాట వేసే ఇంజనీర్లు చెప్పేదీ అదే, మేకలు చేసిందీ అదే.

సైకిలు వల్ల నష్టం అసలే లేదని నేననను. వెనక బ్రేకు గట్టిగా పట్టేసి చక్రం ఈడ్చుకుపోతే అదీ నేలని గీరుతుంది. తడి నేల మీద తొక్కితే అదీ గాడి చేస్తుంది. మా గుంపులో ఒకడు మలుపుల్లో అలా జారించి వీడియోలు తీసుకుంటుంటే నేనే ఆపాను. ముందు బ్రేకు మీద రెండు వేళ్లు మెత్తగా ఉంచి, ఒళ్లు వెనక్కి వేసి దిగడం నేర్పాను. నెల రోజుల్లో వచ్చేసింది వాడికి. నేర్పేవాడుంటే నేర్చుకునే వయసు వాళ్లది.

ఇక నేను అడగదలుచుకున్నది. ఇది రిజర్వ్ ఫారెస్టు. 1967 నాటి అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. ఆ చట్టం ఉండబట్టే ఆ మాత్రం చెట్టయినా మిగిలింది, దాన్ని సడలించమని అడగడం లేదు. మా ఇబ్బంది వేరు. అనుమతి ఎవరినడగాలో, కాగితం ఎక్కడ పెట్టుకోవాలో మేం ఎంత తిరిగినా ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఒక వారం ఒకరు సరే వెళ్లండి అన్నారు, మరో వారం ఇంకొకరు వెనక్కి పంపేశారు. వెనక్కి పంపినప్పుడు మేం తిరిగొచ్చేశాం. మాట వినేవాళ్లం మేం తిరిగొస్తే, ఏ మాటా వినని ఇంజన్లు ఇంకో దోవన లోపలికి పోతున్నాయి.

కాబట్టి ఆ అడవిలో ఒక్క బాట, ఇప్పటికే ఉన్న మేకల బాటే, మూడు నాలుగు కిలోమీటర్లు చాలు, దాన్ని చలికాలం వరకు సైకిళ్లకి కేటాయించమని అటవీ శాఖ పెద్దలను చేతులెత్తి అడుగుతున్నాను. శని, ఆదివారాలు ఉదయం వెలుగొచ్చినప్పటి నుంచి తొమ్మిదిన్నర దాకా. వాన పడితే నేల ఆరేదాకా బంద్. హెల్మెట్ లేనివాళ్లని, ఇంజన్ ఉన్న ఏ బండినీ గేటు దాటనివ్వకూడదు. మనిషికి ఇంతని రుసుము పెట్టండి, కడతాం. ఆ డబ్బుతో అడవి అంచు ఊళ్ల కుర్రాళ్లని ఇద్దరిని కాపలాకీ, దారి చూపడానికీ పెట్టండి. చెట్టూ చేమా వాళ్లకి తెలిసినంత మాకు తెలియదు. పొద్దున్నే అక్కడ పదిమంది మంచివాళ్లు తిరుగుతుంటే సీసాలు పగలగొట్టేవాళ్లు కొంతైనా జంకుతారు. బాట బాగు చేసే పని మాకు వదలండి. పార, గునపం మేం తెచ్చుకుంటాం. ఆ గాడిని రాళ్లేసి పూడ్చి, నీరు పక్కకి పోయేలా వాలు తీయడానికి పదిమందికి రెండు ఆదివారాలు పడుతుంది.

మేకల కాపరులకి మాత్రం దీనివల్ల ఇబ్బంది రాకూడదు. బాట వాళ్లది. మంద ఎదురైతే మేం దిగి పక్కకి నిలబడాలి, బెల్లు కూడా కొట్టకూడదు. బెల్లుకి బెదిరితే పిల్లలు ఒక పక్కకి, తల్లులు ఒక పక్కకి పరిగెడతాయి, వాటిని మళ్లీ కూడేసరికి కాపరికి పొద్దెక్కిపోతుంది. ఒకసారి మా వల్ల అలా జరిగింది. ఆ ముసలాయన ఏమీ అనలేదు. చేతికర్ర భుజాన వేసుకుని కొండెక్కిపోయాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది.

తల్లిదండ్రులకీ ఒక మాట. సైకిలు కొని రోడ్డు మీద తిప్పుకోరా అంటే అడవికెందుకు పంపిస్తున్నావని ఒకాయన నా షాపు ముందు నిలబడి కోప్పడ్డారు. ఆయన భయం నాకు తెలుసు. కానీ మన బందరు రోడ్డు మీద, ఏలూరు రోడ్డు మీద పిల్లాణ్ణి సైకిలు మీద పంపి నిశ్చింతగా ఉండగలరా ఎవరైనా? ఇలా కొండ బాటల్లో సైకిలు తొక్కడం, మౌంటెన్ బైకింగ్ అంటారు, 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న ఆట. మన పిల్లలకి గ్రౌండు లేదు, కోచ్ లేడు. ఉన్నదల్లా ఊరికి 20 కిలోమీటర్ల దూరంలో ఒక కొండ, మేకలు వేసిన బాట. అది కూడా పోతే ఫోనే గతి.

ఆ కుర్రాడి సైకిలు నా షాపులోనే ఉంది. ఫోర్కు మార్చాను, ముందు రిమ్ము బెండు తీశాను, చక్రం ఇరుసు కోన్లు విప్పి కొత్త గ్రీజు పెట్టాను. టైరు గాడుల్లో ఇరుక్కున్న ఆ ఎర్రమట్టి మాత్రం కడగలేదు. చెయ్యి బాగయ్యాక వాడే వచ్చి కడుక్కుంటానన్నాడు. సంక్రాంతి వెళ్లిపోయింది. శివరాత్రికి ఇంకా వ్యవధి ఉంది. ఈలోగా ఆ అడవి అంచున ఒక బోర్డు, ఒక గేటు, అనుమతి ఎవరినడగాలో చెప్పే ఒక కాగితం వస్తే, పారలతో మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక సైకిలు మెకానిక్,
విద్యాధరపురం, విజయవాడ