స్త్రీల సమాజం వార్షిక నివేదిక: 2023 ఏప్రిల్ నుండి 2024 మార్చి వరకు

సమాజ సభ్యులైన అక్కచెల్లెళ్లకు, సంఘ పెద్దలకు, అయ్యగారికి, అమ్మగారికి ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనాలు. ఈ ఏడాది జరిగిన పనుల నివేదికను కార్యదర్శిగా మీ ముందు ఉంచుతున్నాను.

సభ్యుల ఇళ్లలో పెట్టుకునే ప్రార్థన సమావేశాలైన గృహ కూటాల్లో ముందు బైబిలు వాక్యం చదివి, తరువాత దానిని జీవితానికి అన్వయించుకోవడం మన అలవాటు. ఈ ఏడాది మాత్రం ముందు మన చేతి పనిని గురించి మాట్లాడుకుని, ఆ తరువాతే వాక్యం తెరవాలని కిందటి వార్షిక సభలో తీర్మానించుకున్నాం. యేసుప్రభువు తన ఉపమానాల్లో చాలా వాటిని విత్తనం, పిండి, దీపం, వల వంటి వాటితోనే చెప్పారు. ఆ పనులు నిత్యం చేసే మన సభ్యులు కూటంలో మౌనంగా కూర్చోవడం, చదువుకున్న ఒకరిద్దరమే మాట్లాడటం ఏళ్ల తరబడి జరుగుతూ వచ్చింది. అది సరిదిద్దుకోవలసిన లోపమని నా నమ్మకం.

జూన్ కూటం టిఫిన్ బండి నడుపుకునే మన సభ్యురాలి ఇంట జరిగింది. ఇడ్లీ పిండి పొంగాలంటే ఏం చేయాలో ఆమె చెప్పిన తరువాత మత్తయి 13వ అధ్యాయంలోని పులిసిన పిండి ఉపమానం చదివాం. మూడు కుంచముల పిండి అన్న మాట వచ్చేసరికి చిన్నవాళ్లకు కుంచం అంటే తెలియలేదు. అప్పుడు మనలో అందరికంటే పెద్దావిడ, కుంచానికి నాలుగు మానికలని, మూడు కుంచాలంటే పన్నెండు మానికలని లెక్క చెప్పి, "అంత పిండి ఒక ఇంటికి ఎవరు కలుపుతారమ్మా, అది పెళ్లింటి పిండి" అన్నారు. ఆ వాక్యం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను గానీ, ఉపమానంలో పిండి కలిపిన ఆ స్త్రీ ఊరందరికీ వండుతున్నదని నాకు ఏనాడూ తట్టలేదు.

లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు చేరిన జూలై 31వ తేదీని ఎప్పటిలాగే స్తుతి ఆరాధనతో జరుపుకున్నాం. ఆ రోజు, ఇంట్లో పిల్లలకు నేర్పడానికి వీలుగా సంఘ సంస్కర్త మార్టిన్ లూథరుగారు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం నుండి, ప్రభువు ప్రార్థనలోని అనుదినాహారము గురించిన భాగం చదివాం. అందులో ఆహారంతో పాటు బట్ట, ఇల్లు, పొలం, పశువులు, మంచి వాతావరణం, మంచి ఇరుగుపొరుగు కూడా ఉన్నాయి. తమ అనుదినాహారంలో ఏమేమి ఉన్నాయో సభ్యులు ఒక్కొక్కరూ చెప్పగా, మందుబిళ్లలు, పిల్లల బస్సు, పొరుగింటి బోరు నీళ్లు కూడా ఆ జాబితాలో చేరాయి.

సెప్టెంబరు కూటం చేను గట్టు మీద పెట్టుకున్నాం. కలుపు తీసే మన సభ్యులు ఊద అనే కలుపు మొక్కను, వరిని పక్కపక్కన పట్టుకుని చూపించారు. ఆకు కాడను అంటుకునే చోట వరికి సన్నని తెల్లటి పొర ఉంటుంది, ఊదకు అది ఉండదు. అది తెలియని వాళ్లకు వెన్ను వేసేదాకా రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి, నారుతో పాటు ఊదను కూడా నాటేయడం మామూలే. తరువాత, గోధుమల మధ్య మొలిచిన గురుగులనే కలుపును కోతదాకా పీకవద్దని యజమాని చెప్పిన ఉపమానం చదవగానే వారే అభ్యంతరం చెప్పారు: కోతదాకా కలుపు వదిలేస్తే గింజ దక్కదు కదా, యజమాని అలా ఎందుకు చెప్పాడు? చాలాసేపు చర్చ జరిగింది. పొలము లోకమని, కోత కోయువారు దేవదూతలని ప్రభువే వివరించిన వచనాల దగ్గర చివరికి ఆగాం. పైరులో కలుపు తీయడం మన పనే గానీ, మనుషుల్లో ఎవరు గురుగు, ఎవరు గింజ అని పీకే పని మనకు అప్పగించలేదని వారే తేల్చారు. ఒక తగాదా కారణంగా రెండేళ్లుగా మనం గృహ కూటం పెట్టని ఇల్లు ఒకటి ఉందని అక్కడే ఒకరు గుర్తు చేశారు. అక్టోబరు కూటం ఆ ఇంట జరిగింది.

డిసెంబరు గురించి రాయడం కష్టంగా ఉంది. 5వ తేదీన మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసి పనల మీద ఉన్న వరి నీళ్లలో నానింది. కౌలుకు చేసుకునే మన సభ్యురాలు ఒకరు తడిసిన పనలను రోడ్డు మీదికి మోసి ఆరబెడుతుంటే వెళ్లి సాయం పట్టాం. వెన్నుల మీదే గింజలు తెల్లగా మొలకెత్తి ఉన్నాయి. భూమిలో పడి చచ్చి ఫలించే గింజ గురించిన వాక్యం నేనే అక్కడ ఎత్తాను. "ఈ గింజ భూమిలో పడలేదక్కా, పన మీదే మొలిచింది. తిండికీ రాదు, విత్తనానికీ రాదు" అని ఆమె అన్నారు. ఇంకొకరి నష్టం ఇంకా తడి ఆరకముందే దాని నుండి పాఠం తీయబోయినందుకు ఈ సభ ముందు క్షమాపణ చెబుతున్నాను.

ఇదంతా మన పాపాల వల్లనే వచ్చిందని ఆ వారం ప్రార్థనలో ఒక మాట వినిపించింది, అప్పుడు ఎవ్వరం ఖండించలేదు. తరువాతి కూటంలో లూకా 13వ అధ్యాయం చదివాం. సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావారి కంటే అపరాధులు కారని ప్రభువు స్పష్టంగా చెప్పిన మాట అది. ఇకపై కష్టంలో ఉన్న ఇంట కూటం పెట్టినప్పుడు, ఆ ఇంటివారు కోరితే తప్ప ప్రసంగం ఉండకూడదని, కీర్తన, ప్రార్థన, చేతనైన సాయం చాలునని తీర్మానించాం.

వంట వండే ప్రతిసారీ తీసిపెట్టే పిడికెడు బియ్యం జనవరి నుండి మార్చి వరకు, పంట పోయిన కౌలు కుటుంబాలకే ఇచ్చాం. క్రిస్మస్ పిండివంటలకు కేటాయించిన సొమ్మును కూడా సభ్యుల అంగీకారంతో వారి విత్తనాల ఖర్చుకు మళ్లించాం. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా చదివి వినిపిస్తారు.

రాబోయే ఏడాదిలో వల ఉపమానాన్ని నిజాంపట్నం రేవులోనే చదవాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. చేపల వేట నిషేధం జూన్ 14 వరకు ఉంటుంది గనుక, ఆ తరువాత పడవలు ఒడ్డుకు చేరే వేళకు మనం వెళ్లాలి. చేపలు వేరుచేసే పనిలో ఉన్న మన సభ్యులు ముందు మాట్లాడతారు, వాక్యం తరువాత చదువుదాం. రాదలచినవారు ఈ సభ ముగిసేలోగా పేరు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.