నాలుగు బోల్టుల పని కాదు, శీనూ

స్టుట్‌గార్ట్
ఆదివారం రాత్రి

శీనూ,

మొన్న ఫోనులో నీకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నువ్వేమో చెన్నై ట్రాఫిక్‌లో హారన్ల మధ్య అరుస్తున్నావు, ఇక్కడ పాపేమో అన్నం తినకుండా ఇల్లంతా పరుగులు పెడుతోంది. "సీటు మార్చడమంటే నాలుగు బోల్టులు విప్పి నాలుగు బోల్టులు బిగించడమే కదా" అన్నావు చూడు, ఆ మాట అప్పటి నుంచి నా చెవిలోనే ఉంది. మూడు నెలల కిందట నేనూ సరిగ్గా అదే అనుకున్నాను. నీ పోలో జీటీఐకి ఎర్ర బెల్టులతో సహా బకెట్ సీట్లు, అదే ఒంటిని రెండు పక్కలా గట్టిగా పట్టుకునే సీట్లు, కొనబోతున్నానని చెప్పావు కాబట్టి, డబ్బు కట్టకముందే ఈ ఉత్తరం నీకు చేరాలి. తీరిగ్గా చదువు.

అసలు నాకెందుకు మార్చాలనిపించిందో ముందు చెబుతాను. నా టొయోటా జీటీ86 సంగతి నీకు తెలుసు. టొయోటా, సుబారు కలిసి తయారుచేసిన బండి. రెండు లీటర్ల బాక్సర్ ఇంజిను, 200 హార్స్‌పవర్, బరువు సుమారు 1,240 కిలోలు, వెనక చక్రాలు తోస్తాయి. కిందటేడు దాన్ని తీసుకొని నూర్‌బుర్గ్‌రింగ్ వెళ్లాను. 1927లో తెరిచిన కారు పందేల దారి అది. దాని ఉత్తర వలయం ఒక్క చుట్టు 20.8 కిలోమీటర్లు, డెబ్బైకి పైగా మలుపులు, కిందికీ పైకీ ఎత్తులో 300 మీటర్ల తేడా. కొన్ని రోజుల్లో మనలాంటివాళ్లం రుసుము కట్టి సొంత కారులో తిరగవచ్చు. అప్పుడది పందెం కాదు, ఒకవైపు మాత్రమే వెళ్లే మామూలు రోడ్డు. రోడ్డు నిబంధనలే వర్తిస్తాయి, సమయం కొలవకూడదు.

అక్కడ ఆరెంబర్గ్ అనే కుడి మలుపు ఉంది. అందులోకి దిగగానే నా ఒళ్లంతా తలుపు వైపు జారింది. ఎడమ మోకాలిని తలుపుకు గట్టిగా ఆనించి నిలదొక్కుకున్నాను. తరువాత కారుసెల్, కాంక్రీటు పలకలు పరిచిన వాలు గిన్నెలాంటి ఎడమ మలుపు. అక్కడ కుడి మోకాలు మధ్య గట్టుకు కొట్టుకుంది. రెండు చోట్లా నేను స్టీరింగును తిప్పలేదు శీనూ, పట్టుకొని వేలాడాను. చిన్నప్పుడు తిరుమల ఘాటు రోడ్డు బస్సులో ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకొని కూర్చునేవాళ్లం, గుర్తుందా? పట్టు వదిలితే పక్కవాళ్ల ఒళ్లో పడేవాళ్లం, పట్టుకుంటే లోయ చూడలేకపోయేవాళ్లం. అచ్చం అలాగే ఉంది. చేతులు ఒంటిని కాపాడే పనిలో పడితే బండి చెప్పే కబురు అందుకునేది ఎవరు?

ముందు చక్రాల సంగతి చేతులకు తెలుస్తుంది, వెనక చక్రాల సంగతి నడుముకు తెలుస్తుంది. వెనక టైరు పట్టు సడలడం మొదలైన క్షణంలో కంటికి ఏమీ కనిపించదు, తుంటి దగ్గర చిన్న కదలిక మాత్రం తోస్తుంది. సీట్లో ఒళ్లే జారుతుంటే, జారింది బండా, నేనా అన్నది తేల్చుకోలేం. నాకు సీటు కావలసింది ఇందుకు. బరువు తగ్గించడానికి కాదు, అందానికి కాదు. అందరూ బరువు గురించే మాట్లాడతారు. కంపెనీ సీటును ఇంట్లో తూకం మీద పెట్టి చూస్తే పదహారు, పదిహేడు కిలోల మధ్య తేలింది. నేను కొన్నది పట్టాలతో కలిపి అంతకన్నా తేలికేమీ కాదు. నాకు దిగులు లేదు.

సీటు కొనాలనుకున్నప్పుడు ఈ ఊళ్లో ఉంటూ రెకారో కాకుండా ఇంకేం కొంటాను? ఇక్కడే 1906లో రాయిటర్ అనే బండి తొడుగుల కార్ఖానాగా మొదలైన కంపెనీ అది. పోర్షె 356 కార్ల పైతొడుగులు చేసింది వాళ్లే. 1963లో ఆ తొడుగుల పనిని పోర్షె తీసుకుంది. మిగిలిన కంపెనీ సీట్ల మీదే దృష్టి పెట్టి, రాయిటర్ (Reutter), కరోసెరీ (Carosserie) అనే రెండు మాటల మొదటి అక్షరాలు కలిపి రెకారో (Recaro) అని పేరు పెట్టుకుంది. 1965లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో వాళ్లు తెచ్చిన స్పోర్ట్స్ సీటు ఉద్దేశమే, మామూలు మనిషి తన కారులో కంపెనీ సీటు తీసి దీన్ని బిగించుకోవాలని. అంటే మనం చేస్తున్న ఈ పనికి అరవై ఏళ్ల వయసుందన్నమాట.

ఎంపికలో రెండు వారాలు పోయాయి. మొదట నా కళ్లు వాళ్ల పోల్ పొజిషన్ అనే మోడల్ మీద పడ్డాయి. ఒకే పెంకులా పోతపోసిన సీటు, వీపు వంగదు, తేలికగా ఉంటుంది, కూర్చుంటే రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నట్టు ఉంటుంది. కానీ నాది రెండు తలుపుల కారు. వీపు ముందుకు వంగకపోతే వెనక కూర్చునే పాపను ఎక్కడి నుంచి ఎక్కించాలి? మా ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది: "ఏదైనా జరిగితే దాన్ని వెనక నుంచి ఎంత తొందరగా బయటికి తీయగలవు?" ఆ మాటతో పోల్ పొజిషన్ ఆలోచన మానుకున్నాను. వీపు వంగే స్పోర్ట్‌స్టర్ సీఎస్ తీసుకున్నాను. పక్క దిండ్లు తొడల దగ్గరా నడుము దగ్గరా గట్టిగా నిలబడి ఉంటాయి, మీట లాగితే వీపు ముందుకు వాలుతుంది. నీదీ రెండు తలుపుల పోలోనే. పిల్లలు వెనకే కూర్చుంటారు. ఇది మొదట ఆలోచించు.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను: బొమ్మ చూసి కొనవద్దు, కూర్చొని కొను. నడుము సన్నగా ఉన్నవాడికి వెడల్పు సీటులో ఏ దిండూ తగలదు, భుజాలు వెడల్పైనవాడికి ఇరుకు సీటు రెక్కలు విరిచినట్టుంటుంది. అరగంటైనా కూర్చోవాలి. మొదటి అయిదు నిమిషాల్లో ప్రతి సీటూ బాగుంటుంది. ఇరవయ్యో నిమిషంలో తొడ కింద తిమ్మిరి మొదలైతే ఆ సీటు నీది కాదు.

ఇక బిగింపు. సీటు ఒక్కటే కొంటే సరిపోదు. కారు నేలకున్న నాలుగు రంధ్రాలకు సరిపడే కన్సోల్, అంటే సీటు కింది ఆధారం, వేరు, సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాలు వేరు. ఇక్కడ నేను తప్పు చేశాను. సీటుకు అంత పెట్టాను కదా, కన్సోల్ చవకలో చూద్దామని పేరులేని దాన్ని ఒక దుకాణంలో కొన్నాను. మూడు రంధ్రాలు కుదిరాయి, నాలుగోది నాలుగు మిల్లీమీటర్లు పక్కకు ఉంది. రంధ్రాన్ని ఆకురాయితో అరగదీస్తే పడుతుందని దుకాణంవాళ్లు ఫోనులో చెప్పారు. ఆకురాయి చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడు తోచింది: గంటకు 50 కిలోమీటర్ల గుద్దులో నా బరువు, సీటు బరువు, వాటి ఊపు అంతా ఈ నాలుగు బోల్టుల మీదే ఆగాలి. పైగా సీటు బెల్టు బకిల్ కూడా సీటుకే బిగించి ఉంటుంది, అంటే బెల్టు లాగుడు కూడా వీటి మీదే. ఆకురాయి పక్కన పెట్టి, కన్సోల్ వెనక్కి పంపి, నా కారు పేరు కాగితం మీద రాసి ఉన్న అసలైనదే తెప్పించాను. అన్నీ కలిపి రెండు వేల యూరోలు దాటాయి.

పాత సీటు తీసే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి కొన్ని నిమిషాలు ఆగాలి. ఇది మాత్రం దాటవేయవద్దు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, దాని వ్యవస్థలో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది. తీగ విప్పాక సీటును పూర్తిగా వెనక్కి జరిపి ముందు బోల్టులు, ముందుకు జరిపి వెనక బోల్టులు తీయాలి. సీటు వాలిస్తే కింద పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తుంది. పసుపు అంటే ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థ, మెల్లగా తీయి. సీటును బయటికి తీసేటప్పుడు గుమ్మం మీద పాత దుప్పటి పరుచు. పట్టాల అంచు కత్తిలా ఉంటుంది, పెయింటు ఒక్క గీతలో పోతుంది. సీటు లేని కారులో ఇరవై నిమిషాలు తివాచీ శుభ్రం చేశాను. పాప పోగొట్టుకున్న రెండు క్రేయాన్లు, నేను వెతికి వెతికి వదిలేసిన పెన్ను దొరికాయి.

కొత్తది పెట్టేటప్పుడు నాలుగు బోల్టులనూ ముందు చేత్తోనే నాలుగైదు చుట్లు తిప్పాలి. ఒకటి పూర్తిగా బిగించి మరొకటి మొదలుపెడితే పట్టాలు వంకరపోతాయి. వదులుగా ఉన్నప్పుడే సీటును ఆ కొస నుంచి ఈ కొసకు జరిపి చూడు. రెండు పట్టాలూ ఒకేసారి టక్కుమని తాళం పడాలి. ఒకటి ముందు, ఒకటి వెనక పడిందంటే అవి సమాంతరంగా లేవు. అది కుదిరాక బిగువు కొలిచే టార్క్ రెంచితో, సర్వీసు పుస్తకంలో చెప్పినంత బిగువు. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

ఎయిర్‌బ్యాగ్ విషయం నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది. పాత సీటులోని పక్క ఎయిర్‌బ్యాగ్ దానితోనే వెళ్లిపోయింది, నా కొత్త సీటులో లేదు. ఆ కనెక్టర్‌ను ఊరికే వదిలేస్తే డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది. ఆ దీపం వెలిగినప్పుడు మిగిలిన ఎయిర్‌బ్యాగ్‌లు కూడా పనిచేస్తాయన్న నమ్మకం ఉండదు. అందుకని సరైన విలువ గల రెసిస్టర్‌ను దాని చోట పెడతారు, వ్యవస్థకు అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టే అనిపిస్తుంది. నాకు మొదటిరోజు దీపం ఆరలేదు. చూస్తే బకిల్ తీగ పట్టా కింద నలిగింది. తీగ మార్చి, దారి మళ్లించి కట్టి, వర్క్‌షాపులో కంప్యూటర్ పెట్టి పాత దోషం తుడిపించాక ఆరింది. తల కాపాడే కిటికీ పైన ఎయిర్‌బ్యాగ్ నాకింకా ఉంది, పక్కటెముకలు కాపాడేది లేదు. ఇది నా ఒక్కడి నిర్ణయం, నా ఒక్కడి ఒంటికి. అందుకే రెండో సీటు ముట్టుకోలేదు. మా ఆవిడ కూర్చునే చోట కంపెనీ సీటు, కంపెనీ ఎయిర్‌బ్యాగ్ అలాగే ఉన్నాయి. కారు లోపల రెండు రకాల సీట్లు చూసి నువ్వు ఫోటో కింద ప్రశ్న గుర్తు పెట్టావు కదా, దానికి జవాబు ఇదే.

జర్మనీలో ఇక్కడితో అయిపోదు. సీటుకు, కన్సోల్‌కు అనుమతి కాగితాలుండాలి, తనిఖీ ఇంజినీరు చూసి కారు పత్రాల్లో ఎక్కించాలి. ఆయన సీటును పట్టుకొని ఊపాడు, బకిల్ నా తుంటి పక్కన ఎంత ఎత్తులో ఉందో చూశాడు, బోల్టుల మీద రాసిన అంకెలు టార్చి వేసి చదివాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది. అక్కడ చవక కన్సోల్ ఉండి ఉంటే ఏం చెప్పేవాణ్ని? మన దగ్గర మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ బండికి చేసే మార్పుల గురించే. ఆర్‌టీఓ ఆఫీసులోనూ, ఇన్సూరెన్సువాళ్ల దగ్గరా ముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకో.

ఇక నీ ఎర్ర బెల్టులు. ఇది బతిమాలి చెబుతున్నాను. నాలుగు కొసల బెల్టు భుజాలను సీటుకు కట్టేస్తుంది. రోల్ కేజ్, అంటే లోపల గొట్టాల పంజరం, లేని కారు బోల్తా కొట్టి పైకప్పు కిందికి కుంగితే, మూడు కొసల బెల్టుతో ఒళ్లు పక్కకు ఒరుగుతుంది, దానితో ఒరగదు. పైగా కాళ్ల మధ్య పట్టీ లేకుంటే భుజం పట్టీలు నడుము పట్టీని పొట్ట మీదికి లాగుతాయి, గుద్దులో ఒళ్లు కిందికి జారి ఆ పట్టీ పేగుల మీద పడుతుంది. తుంటి ఎముక మీద ఉండవలసింది అది. రోజూ ఆఫీసుకు వెళ్లే కారులో కంపెనీ బెల్టే ఉంచు. సీటు సరిగ్గా పట్టుకుంటే ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద కూడా నీకు దానితో లోటు తెలియదు. సీటు మీద ఎఫ్ఐఏ (ప్రపంచ కారు పందేల సంస్థ) చీటీ ఉంటే తయారైన ఏడు చూడు. 8855-1999 అనే ప్రమాణం సంఖ్య ఉన్నవాటికి పోటీల్లో అయిదేళ్లే ఆయుష్షు. సెకండ్ హ్యాండులో చవకగా వచ్చేవి చాలావరకు అవే. ఒకసారి గుద్దు తిన్న పెంకులో పగులు గుడ్డ కింద దాక్కుంటుంది.

పోయిన శనివారం మంచు కరిగాక కొండ దారిలో యాభై కిలోమీటర్లు తిప్పాను. పాతదానికంటే రెండు సెంటీమీటర్లు కిందికి కూర్చున్నాను, హెల్మెట్ పెట్టినా తలకూ కప్పుకూ మధ్య చోటు మిగులుతోంది. మొదటి మలుపులో అలవాటుగా మోకాలు తలుపు వైపు వెళ్లింది. దాని అవసరం లేకపోయింది. నడుము కదలలేదు. స్టీరింగు మీద వేళ్లు ఎంత తేలికగా ఉన్నాయంటే, తడి తారు మీద ముందు టైరు గరుకు తగ్గడం వేళ్ల చివర్లకు తెలిసింది. పక్కకు ఆపి కాసేపు ఊరికే కూర్చున్నాను. నువ్వు పక్కన ఉంటే బాగుండేదని అనిపించింది.

సరే, ఇక నువ్వు చేయవలసింది. నీ సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని కుట్టిన చిన్న చీటీ ఉందేమో చూసి ఫోటో పంపు. కూర్చొని నీ తలకూ పైకప్పుకూ మధ్య ఎంత దూరముందో టేపుతో కొలిపించు. నేలలోని నాలుగు బోల్టుల మధ్య దూరాలు, అడ్డంగా, నిలువుగా, ముందూ వెనకా ఎత్తు తేడాతో సహా రాసి పంపు. నడుము కొలత చెల్లెమ్మనే తీయమను, నువ్వు చెబితే రెండు అంగుళాలు తగ్గించి చెబుతావు. అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
రాజు

పాత సీటు అమ్మేయకు. నాది కింద గదిలో దుప్పటి చుట్టి, కనెక్టర్‌కు టేపు వేసి, నిలువుగా పెట్టాను.