బిర్యానీ ఆకుకి మూడు ఈనెలుండాలండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పెరటి మొక్కల పేజీలో బిర్యానీ ఆకు చెట్టు గురించి వేసారు కదా, ఒడిషా బోర్డరులో మా పర్లాకిమిడికి పేపరు వచ్చేసరికి తొమ్మిది దాటిపోతాది, అయినా ఆ పేజీ మాత్రం వదల్ను. చదువుతుంటే చలికాలంలో కుండీ ఇంట్లోకి తెచ్చి పెట్టుకోండి, గడ్డకట్టే చలికి మొక్క పోతాది అని ఉంది. ఎక్కడి గడ్డకట్టే చలండీ బాబూ! సంక్రాంతి ముందు మా మహేంద్రతనయ ఏటి మీద పొగమంచు పడతాది నిజమే, అప్పుడు దుప్పటి కప్పుకుని తిరిగీది మేమే గానీ మొక్కలు కాదు.

అసలు తేడా మీరేసిన ఫోటోలోనే ఉంది. అది గ్రీసు, ఇటలీ వైపు పెరిగే బే లారెల్, దాని ఆకుకి నడిమధ్య ఒకటే ఈనె, అందులోంచి పక్కలకి సన్న ఈనెలు పోతాయి. మన కిరాణా కొట్లో పొట్లం కట్టి ఇచ్చే ఆకు వేరు. ఒకటి తీసి వెలుగుకి పట్టి చూడండి, తొడిమ దగ్గర మొదలై కొస దాకా మూడు ఈనెలు పొడుగ్గా సాగుతాయి. మా అమ్మమ్మ దీన్ని ఆకుపత్రి అనేది, ఇక్కడ ఒడియావాళ్ళు తేజపత్ర అంటారు, దాల్చినచెక్క చెట్టుకి దగ్గర చుట్టం. వాసనా వేరే. నీలగిరి తైలంలో ఉండే సినియోల్ అనే వాసన పదార్థమే ఆ విదేశీ ఆకులో ఎక్కువ, మన ఆకు నలిపితే దాల్చినచెక్క, లవంగం కలిపినట్టు ఉంటాది.

మూడు ఈనెలున్నాయి కదా అని గుడ్డిగా కొనీకండి, నేను అలాగే బోల్తా పడ్డాను. 2006లో ఒక నర్సరీలో బిర్యానీ ఆకు అని అమ్మితే తెచ్చి నాటాను, మూడేళ్ళు నూతి నీళ్ళు మోసి పెంచి మొదటిసారి దాల్మాలో (కూరగాయలేసి వండే ఒడియా పప్పు) వేస్తే మా ఆయన ఒక ముద్ద తిని ఇందులో లవంగ నూనె ఒంపీసావా ఏటి అన్నారు. అది దాల్చినచెక్క మొక్క! దాని ఆకుకీ మూడు ఈనెలే మరి, ఆకులో నూనె దాదాపు లవంగం నూనె లాగే ఉంటాది. నర్సరీకెళ్ళి అడిగితే రెండూ ఒకటేనమ్మా అన్నాడు. ఒకటే అయితే నా దాల్మా ఎందుకు పాడయిందో చెప్పమన్నాను, నవ్వీసి ఊరుకున్నాడు.

ఇప్పుడున్నది మా మరిది డెహ్రాడూన్‌లో పనిచేసినప్పుడు తడి గోనెలో చుట్టి రైల్లో తెచ్చిన మొక్క. ఆ ఉత్తరాఖండ్ తేజ్‌పాత్‌కి 2016లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. హిమాలయాల కిందవైపు కొండల్లో పెరిగే చెట్టు మా ఊళ్ళో బతుకుతాదా అన్నారు అందరూ. మొదటి రెండేళ్ళు పనస చెట్టు నీడలో పెట్టి, నీళ్ళు నిలవకుండా మట్టి ఎత్తు చేసి, ఏడాదికోసారి మాగిన గెత్తం వేసాను, అంతే. లేత చిగుళ్ళు గులాబీరంగులో వస్తాయి, చూసి రోగం అనుకుని తుంచీకండి, నేను మొదట్లో తుంచీసాను. 2018లో తిత్లీ తుఫానుకి మా వీధిలో కొబ్బరిచెట్లే విరిగిపోయాయి, దీని తల కూడా పోయింది గానీ కింద నుంచి మూడు కొమ్మలు లేచి ఇప్పుడు మేడ దాటింది.

పురుగు పడితే వెంటనే మందు కొట్టీమని మీ పేజీలో రాసారు. మా చెట్టు మీద నల్లటి ఒంటికి పసుపు చారలు, ఎర్ర చుక్కలు ఉన్న గొంగళిపురుగులు కనపడితే నేనూ వేపనూనె కలిపాను. ఈలోగా కొమ్మ మీద విరిగిపోయిన పుల్ల ఒకటి ఉంటే తీసీబోయాను, తగలగానే అది కదిలింది! పుల్ల కాదండీ, సీతాకోకచిలుక ప్యూపా, గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే ముందు ఉండే రూపం. కామన్ మైమ్ అంటారట, దాని ప్యూపా అచ్చం ఎండుపుల్ల లాగే ఉంటాది. వేపనూనె బకెట్టు పక్కన పెట్టీసాను. నాలుగాకులు తింటే తింటాయి, చెట్టు చావదు కదా.

ఆకు ఎప్పుడు కొయ్యాలో మీరు రాయనే లేదు. వర్షాల్లో కోస్తే వాసన పలచగా ఉంటాది, దసరా వెళ్ళాక ముదురాకు కోసి నీడలో ఆరబెట్టాలి. ఇంకోటి, గింజ పాతేవాళ్ళు పండు రాలిన వెంటనే పాతాలి, ఎండబెట్టి దాచిన గింజ మొలవదు. నేనైతే వానాకాలంలో గూటీ అంటు కడతాను, అంటే కొమ్మ చెట్టు మీద ఉండగానే బెరడు తీసి తడి మట్టి కట్టి వేరు పట్టించడం.

దయచేసి వచ్చే ఆదివారం ఒడిషా బోర్డరోళ్ళం కూడా మీ పేపరు చదువుతామని గుర్తుపెట్టుకుని సరైన ఆకు ఫోటో వెయ్యండి, పొట్లంలో ఆకు తీసి ఫోటో తీసినా చాలు. ఈ ఏడు నాలుగు అంటులు వేరు పట్టాయి. ఒకటి పక్కింటి మాఉసీకి (ఒడియాలో పిన్ని), ఆవిడ ఖిరిలోకి, అదే పాయసంలోకి, రోజూ మా చెట్టు ఆకే పట్టుకెళ్తాది. ఒకటి పాతపట్నంలో మా ఆడపడుచుకి. మిగతా రెండూ ముందు ఎవరొస్తే వాళ్ళకి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా