ప్రొఫెషనల్ బాక్సింగ్‌ను డీడీ స్పోర్ట్స్‌లో చూపించండి: ప్రసార భారతి సీఈఓ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సీఈఓ గారికి నమస్కారం.

ప్రొఫెషనల్ బాక్సింగ్ ఇవాళ ఎక్కువగా చందా కట్టేవాళ్లకే అందుతోంది. ఫ్రీ డిష్ ఉన్న ప్రతి ఇంటికీ అది చేరాలి. నిఖత్ జరీన్ ఊరైన నిజామాబాద్ పిల్లలకు ఒలింపిక్స్ మూడు రౌండ్ల ఆట తెలుసు. ప్రొఫెషనల్ ఆటలో పన్నెండు రౌండ్లకు ఊపిరి ఎలా దాచుకోవాలో చూస్తేనే గాని తెలియదు.

మీ షెడ్యూల్ విభాగానికి అసలు చిక్కు సమయమే. 12 రౌండ్లూ సాగితే ఆట 36 నిమిషాలు, విరామాలు 11, మొత్తం 47. తొలి రౌండ్‌లోనే నాకౌటైతే మూడు నిమిషాలైనా నిండవు. అందుకే మిగిలిన సమయం నింపడానికి ఒక నాలుగు రౌండ్ల బౌట్‌ను (పోటీని), బాక్సర్ల చేతులకు పట్టీలు చుట్టించి మరీ, సిద్ధంగా ఉంచుకోవాలి. విరామం నిమిషమే కాబట్టి దాన్నంతా ప్రకటనలతో నింపకండి. చిట్లిన కనుబొమ్మను కట్‌మన్ (బాక్సర్ గాయాలు చూసే సహాయకుడు) రక్తం ఆపే అడ్రినలిన్ అద్దిన దూదిపుల్లతో నొక్కిపట్టడం, కోచ్ చెప్పే రెండు ముక్కలు... ఆట అర్థమయ్యేది అక్కడే.

భద్రతలో మాత్రం రాజీ వద్దు. 1982 నవంబర్‌లో అమెరికా బాక్సర్ రే మాన్సినితో తలపడిన కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ 14వ రౌండ్‌లో కూలి, కొద్దిరోజులకే చనిపోయాడు. అమెరికాలో సీబీఎస్ టీవీ దాన్ని ఇంటింటికీ ప్రత్యక్షంగా చూపింది. ఆ తర్వాతే డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) టైటిల్ పోటీల 15 రౌండ్లను 12కు తగ్గించింది. రింగ్ దగ్గర ఉన్న అంబులెన్స్ ఆసుపత్రికి వెళ్తే, రెండోది వచ్చేదాకా తర్వాతి బౌట్‌కు గంట కొట్టకూడదని ఒప్పందంలోనే రాయించండి.

పోటీలు నిర్వహించే ప్రమోటర్‌కు స్లాట్ (ప్రసార సమయం) అమ్మకండి, ప్రసార హక్కులు మీరే కొనండి. స్లాట్ కొన్నవాడు తన బాక్సర్‌కు తేలికైన ప్రత్యర్థినే తెస్తాడు. నెలకో శనివారం రాత్రి, రెండు గంటలు కేటాయిస్తే మొదలుపెట్టడానికి చాలు.

ఇట్లు,
బాక్సింగ్ కోచ్‌లు, రింగ్‌సైడ్ నిర్వాహకులు